మద్యం మానిన వాళ్ల గ్రూపును వెతుక్కోవడం గురించి

తాగుడు మానేయడం, మానేసిన తర్వాత మానేసినట్టే ఉండిపోవడం రెండు వేర్వేరు పనులు. మొదటి పనికి డాక్టరు ఉంటారు, మందులు ఉంటాయి, అవసరమైతే ఆసుపత్రిలో పడక కూడా దొరుకుతుంది. రెండో పని ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం మొదలవుతుంది. అలవాటైన వేళకు ఒళ్లు తనంతట తానే ఆ దిక్కుకు తిరుగుతున్నప్పుడు పక్కన డాక్టరు ఉండరు. ఇంట్లోవాళ్లు ఉన్నా, మన ముఖంలోకి అనుమానంగానో భయంగానో చూస్తారే తప్ప, ఏం మాట్లాడితే మేలు జరుగుతుందో వాళ్లకూ తెలియదు. మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కలిసి నడుపుకునే సహాయక గ్రూపులు పనికొచ్చేది అక్కడే. అవి ఉన్నాయని చాలామంది వినే ఉంటారు. అయితే దగ్గర్లో ఉన్నదాన్ని ఎలా కనుక్కోవాలో, లోపల ఏం జరుగుతుందో, నచ్చకపోతే ఏం చేయాలో విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. అలాంటి ఒక గ్రూపుకు కొంతకాలంగా క్రమం తప్పకుండా వెళ్తున్నవాణ్ణి కనుక, తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక చెప్పకపోతే ఈ రాత వల్ల మేలుకన్నా కీడే జరగవచ్చు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్న మనిషి, ఎవరికీ చెప్పకుండా పంతం కొద్దీ ఉన్నపళంగా ఆపేయడం ప్రమాదం. చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మరికొందరు డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితిలోకి జారిపోయి, ఎక్కడున్నారో తెలియని అయోమయంలో పడతారు, లేనివి ఉన్నట్టు చూస్తారు, జ్వరంతో ఊగిపోతారు. చికిత్స అందకపోతే ప్రాణం పోయే స్థితి అది. కాబట్టి మానే ముందు డాక్టరుకు ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పాలి. ఆయన కొన్ని రోజులపాటు వణుకును, ఫిట్స్‌ను అదుపులో ఉంచే మందులు, మెదడు దెబ్బతినకుండా థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. గ్రూపులో ఈ పని చేయగలిగినవాళ్లు ఉండరు. అది చికిత్సా కేంద్రం కాదు, ఆ మాట గ్రూపులో వాళ్లే ముందు చెబుతారు.

మందుల మాట వచ్చింది కనుక మరో సంగతి. మళ్లీ తాగాలన్న కోరికను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులున్నాయి. తాగితే ఒళ్లు ఎదురుతిరిగేలా చేసే డైసల్ఫిరామ్ ఉంది. ఇవి వాడుతూ గ్రూపుకు వెళ్లడంలో తప్పేమీ లేదు. అక్కడక్కడా ఎవరో ఒక పెద్దమనిషి "మాత్రలు మింగితే అది మానడం ఎలా అవుతుంది" అని దీర్ఘం తీస్తుంటారు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లను సైతం ఆపేయమన్న మనిషిని ఒక గ్రూపులో నేనే చూశాను. ఇలాంటి గ్రూపులన్నిటిలో బాగా పేరున్నది ఆల్కహాలిక్స్ అనానిమస్; వారి సొంత ప్రచురణలే సభ్యులెవరూ డాక్టరు వేషం కట్టకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. అటువంటి సలహా వినిపిస్తే మర్యాదగా తల ఊపి, మాత్ర వేసుకోవడం మానకుండా ఉండటమే దారి. ఆ గ్రూపులో అందరూ అదే పాట పాడుతుంటే మరో గ్రూపు చూసుకోవాలి.

ఈ గ్రూపులు ఎలా పుట్టాయో తెలుసుకుంటే, వెళ్లడానికి అడ్డుపడే సంకోచం సగం తగ్గుతుందని నా నమ్మకం. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి, తాగుడు మానిన కొన్ని నెలలకు, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి ఒక వ్యవహారం మీద వెళ్లాడు. ఆ వ్యవహారం బెడిసికొట్టింది. హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఒక పక్క బారులోంచి నవ్వులు, మాటలు వినిపిస్తున్నాయి, మరో పక్క టెలిఫోను, ఊళ్లోని చర్చిల జాబితా ఉన్నాయి. అతను ఫోను వైపు నడిచి, తనతో మాట్లాడటానికి తాగుడుతో బాధపడుతున్న మనిషి ఎవరైనా ఉన్నారా అని వరుసగా అడుగుతూ పోయాడు. చివరికి ఒకావిడ ద్వారా డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. పావుగంటకు మించి కూర్చోనని ముందే షరతు పెట్టి వచ్చిన ఆ డాక్టరు, గంటల తరబడి మాట్లాడి రాత్రి పొద్దుపోయాక లేచాడు. ఆ తర్వాత ఒకసారి మళ్లీ తాగి, జూన్ 10న మానేశాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించే సంగతి ఏమిటంటే, విల్సన్ ఆ రోజు ఫోను చేసింది ఎవరినో ఉద్ధరించడానికి కాదు. తను తాగకుండా ఆ రాత్రి గడవాలంటే తనలాంటి మరో మనిషితో మాట్లాడాలని అతనికి అనిపించింది. కొత్తగా వెళ్లేవాళ్లు సాధారణంగా చేతులు కట్టుకుని యాచకుల్లా వెళ్తారు, వాళ్ల సమయం వృథా చేస్తున్నామేమోనని కుంచించుకుపోతారు. నిజానికి కొత్త మనిషి రాకపోతే గది నిస్తేజంగా ఉంటుంది. పదేళ్లుగా మానిన మనిషికి తన మొదటి వారం ఎలా ఉండేదో గుర్తుచేసేది ఆ కొత్త మనిషే. గ్రూపును ఎంచుకోవలసింది కూడా ఈ లెక్కన చూసుకునే అని నా అభిప్రాయం: అక్కడి సిద్ధాంతం మనకు ఎంత నచ్చిందన్నది తర్వాతి మాట, అక్కడ మనం మాట్లాడగలిగే మనుషులు, మనతో మాట్లాడాలనుకునే మనుషులు ఉన్నారా అన్నది ముందు మాట.

ఇక వెతకడం. ఆల్కహాలిక్స్ అనానిమస్ సుమారు 180 దేశాల్లో ఉంది కనుక మొదట దొరికేది సాధారణంగా అదే. వాళ్ల వెబ్‌సైట్లలో ప్రాంతం, వారం, వేళ ప్రకారం మీటింగ్‌ల వివరాలు ఉంటాయి. ఆ జాబితాను పూర్తిగా నమ్మి బయల్దేరకూడదు. గది మారిపోయి ఉండవచ్చు, వేళ మారి ఉండవచ్చు, ఆ వారం సెలవై ఉండవచ్చు. ఎంతో కష్టం మీద మనసు కూడగట్టుకుని వెళ్లిన మనిషికి తాళం వేసిన తలుపు కనిపిస్తే, దాన్ని తాగడానికి దొరికిన అనుమతిగా తీసుకునే ప్రమాదం ఉంది. అందుకే ముందు హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి సరిచూసుకోవాలి. చాలాచోట్ల ఆ ఫోను ఎత్తేది జీతం తీసుకునే ఉద్యోగి కాదు, మానిన సభ్యుడే. ఎవరైనా తోడు వస్తారా అని అడిగితే తలుపు దగ్గర ఎదురుచూసే మనిషిని కూడా ఏర్పాటు చేస్తారు. నెట్‌లో వెతకడం కుదరనివాళ్లు ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలోనో, డీ-అడిక్షన్ వార్డులోనో అడిగితే, అక్కడి కౌన్సెలర్లకు చుట్టుపక్కల గ్రూపులు తెలిసే ఉంటాయి. మీటింగ్ చర్చి గదిలోనో, బడిలోనో, ఆసుపత్రి ఆవరణలోనో జరుగుతున్నంత మాత్రాన ఆ గ్రూపు ఆ సంస్థకు చెందినదని అనుకోనక్కర్లేదు. గది ఎక్కువగా అద్దెకు తీసుకున్నదే అయి ఉంటుంది.

జాబితాలో రెండు మాటలు కనిపిస్తాయి. ఓపెన్ మీటింగ్ అని ఉంటే ఎవరైనా రావచ్చు. ఇంట్లోవాళ్లు, విద్యార్థులు, కేవలం తెలుసుకోవాలనుకునేవాళ్లు కూడా కూర్చోవచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకు, మానాలనుకునేవాళ్లకు మాత్రమే. తనకు సమస్య ఉందో లేదో ఇంకా తేల్చుకోలేకపోతున్న మనిషికి ఓపెన్ మీటింగే సులువు, తోడుకు భార్యనో స్నేహితుణ్ణో తీసుకెళ్లవచ్చు. నన్నడిగితే, తోడు మొదటిసారికే చాలు. పక్కన ఇంటి మనిషి కూర్చుని ఉంటే మన మాటలు ఆ మనిషి కోసం తయారవుతాయి.

నేను వెళ్లిన రోజు గదిలో ఒక పెద్దాయన మాత్రమే ఉన్నారు. బల్లను గుడ్డతో తుడుస్తున్నారు. తుడిచిన చేయి సన్నగా వణుకుతోంది. నన్ను చూసి పేరు అడగలేదు, ఏం పని అని అడగలేదు. "రండి, ఆ కుర్చీలు కాస్త ఇటు అందిస్తారా" అన్నారు. ఇద్దరం కలిసి కుర్చీలు గుండ్రంగా వేశాం. అంతా అయ్యాక, "మాట్లాడాలని లేకపోతే ఈ రోజుకు వింటానని చెప్పండి, ఎవరూ బలవంతపెట్టరు" అన్నారు. లోపలికి ఎలా అడుగుపెట్టాలో, ఎక్కడ కూర్చోవాలో, ముఖం ఎలా పెట్టుకోవాలో అని దారి పొడవునా పడిన బాధ ఆ కుర్చీలు మోయడంలో పోయింది. తర్వాత గమనించాను, కొత్తగా ఎవరొచ్చినా ఆయన ఏదో ఒక చిన్న పని చెప్పకుండా ఉండరు.

మీటింగ్ గంట, గంటన్నర సాగుతుంది. మొదట ఒకరు గ్రూపు ఉద్దేశాన్ని చదువుతారు. మా దగ్గర అది ప్లాస్టిక్ పూత వేసిన అట్ట మీద ఉంటుంది, మూలలు అరిగి పొరలు విడిపోయాయి, అయినా మార్చడానికి ఎవరూ ఒప్పుకోరు. తర్వాత వంతులవారీగా మాట్లాడతారు. పేరు ఒక్కటే చెబుతారు, ఇంటిపేరు చెప్పరు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డు రాకూడదు, సలహా ఇవ్వకూడదు, "అలా చేసి ఉండాల్సింది కాదు" అని తీర్పు చెప్పకూడదు. మన సభలకు అలవాటుపడ్డవాళ్లకు ఈ నియమం మొదట్లో విచిత్రంగా ఉంటుంది. ఒకాయన తన కూతురి పెళ్లిలో తాగి పడిపోయిన సంగతి చెప్పి ఆగిపోతే, గదిలో ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ నిట్టూర్చలేదు. చెప్పినందుకు ధన్యవాదాలన్నారు, తర్వాతి మనిషి తన సంగతి మొదలుపెట్టింది. ఇదేం కఠినత్వమని ఆ రోజు అనుకున్నాను. నా వంతు వచ్చేసరికి, నా మాటలకు ఎవరూ బదులు చెప్పబోరన్న ఆ నమ్మకమే నా నోరు విప్పించింది. సలహాలు, ఓదార్పులు మీటింగ్ అయ్యాక తలుపు దగ్గర, టీ కప్పులు పట్టుకుని ఉన్నప్పుడు, అడిగినవాళ్లకు దొరుకుతాయి.

రుసుము ఉండదు. చివర్లో ఒక బుట్టో డబ్బానో వస్తుంది, అద్దెకు, టీకి ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు, వేయకపోయినా ఎవరూ చూడరు. బయటివాళ్ల విరాళాలు తీసుకోకూడదన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ నియమం. 1950లో ఆమోదించుకున్న 12 సంప్రదాయాల్లో అదొకటి. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటేనన్నది మరొకటి. ఫారం నింపడం, సంతకం పెట్టడం, ఆధార పత్రాలు చూపించడం వంటివేవీ లేవు.

ఇక చాలామందిని గుమ్మంలోనే ఆపేసే విషయం దేవుడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యులు మానే దారిలో ఒకటొకటిగా అనుసరించే 12 మెట్లలో మనకంటే గొప్ప శక్తి ఒకటుందని నమ్మడం, దేవుణ్ణి మనకు అర్థమైన రీతిలో భావించుకుని మన జీవితాన్ని అప్పగించడం ఉన్నాయి. నేను పెద్దగా భక్తి ఉన్నవాణ్ణి కాదు. గదిలోని మనుషుల సమష్టి అనుభవం నా ఒక్కడి తెలివికన్నా గొప్పదని ఒప్పుకోవడానికి మాత్రం నాకు అభ్యంతరం కనిపించలేదు, అక్కడితో సర్దుకున్నాను. నాస్తికులైన సభ్యులు కొన్నిచోట్ల ప్రత్యేకంగా మీటింగ్‌లు నడుపుకుంటున్నారు కూడా. ఈ సర్దుబాటు కుదరనివాళ్లు తమను తాము హింసించుకుని అక్కడే కూర్చోనక్కర్లేదు. 1994 నుంచి స్మార్ట్ రికవరీ అనే పేరుతో నడుస్తున్న గ్రూపుల్లో దేవుడి ప్రస్తావన ఉండదు. ఆలోచనా విధానాన్ని, ప్రవర్తనను మార్చుకునే మానసిక చికిత్సా పద్ధతుల మీద అవి ఆధారపడతాయి. శిక్షణ పొందిన ఒకరు మీటింగ్ నడుపుతారు, ఒకరి మాటకు ఒకరు స్పందించవచ్చు, ఎవరూ తమకు తాము తాగుబోతని పేరు పెట్టుకోనవసరం లేదు. కోరిక పుట్టినప్పుడు ఏం ఆలోచించారు, ఏం చేశారు, తాగితే ఇప్పుడు దొరికేదేమిటి, తర్వాత పోయేదేమిటి అని కాగితం మీద గీతలు గీసి రాయిస్తారు. లెక్క ప్రకారం ఆలోచించే స్వభావం ఉన్నవాళ్లకు అది బాగా నప్పుతుంది. ఆడవాళ్ల కోసం జీన్ కిర్క్‌పాట్రిక్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లో అమెరికాలో విమెన్ ఫర్ సోబ్రైటీ అనే సంస్థను ప్రారంభించింది. మగవాళ్లతో నిండిన గదిలో చెప్పుకోలేని సంగతులు ఆడవాళ్లకు ఉంటాయి కనుక, ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో కూడా కేవలం ఆడవాళ్లకే జరిగే మీటింగ్‌లు ఉన్నాయి.

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా అన్న ప్రశ్న న్యాయమైనదే. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్షలో 27 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 10,565 మందిని పరిశీలించారు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు వెళ్లేలా ఒక పద్ధతి ప్రకారం ప్రోత్సహించిన చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండటం విషయంలో ఇతర మానసిక చికిత్సల కన్నా మెరుగైన ఫలితాన్నిచ్చాయని, మిగతా విషయాల్లో వాటికి తీసిపోలేదని తేలింది. వెళ్లిన ప్రతి ఒక్కరూ బాగుపడతారని దీనర్థం కాదు; గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినవాళ్లు, కొన్నాళ్లు వచ్చి మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మేలు జరిగినవాళ్ల విషయంలో అది ఎలా జరుగుతోందని పరిశోధకులు ఆరా తీస్తే తరచుగా కనిపించిన కారణం చాలా మామూలుది: చుట్టూ ఉండే మనుషులు మారడం. తాగే స్నేహితులు తగ్గి, తాగని స్నేహితులు పెరగడం. సాయంత్రం ఫోను మోగితే అవతలి గొంతు ఎవరిదన్నదాని మీద ఆ సాయంత్రం ఎటు పోతుందన్నది ఆధారపడుతుందని తాగిన ప్రతి మనిషికీ తెలుసు.

అందుకే మీటింగ్‌కు పది నిమిషాలు ముందు వెళ్లమని, అయిపోయాక పావుగంట ఉండమని కొత్తవాళ్లకు నేను చెబుతుంటాను. సరిగ్గా వేళకు వచ్చి, ముగియగానే బయటపడేవాళ్లు ప్రసంగాలు విని వెళ్తారు, మనుషుల్ని పరిచయం చేసుకోరు. ఒక గ్రూపు మంచిదో కాదో తెలిసేది కూడా ఆ ముందూ వెనుకా ఉన్న నిమిషాల్లోనే. మీటింగ్ అయ్యాక జనం అక్కడే నిలబడి మాట్లాడుకుంటున్నారా, ఎవరి దారిన వాళ్లు తలలు వంచుకుని పోతున్నారా? కొత్త మనిషిని ఎవరైనా పలకరించారా? మళ్లీ తాగి వచ్చిన మనిషిని ఎలా చూశారు? ప్రతి గ్రూపూ తన వ్యవహారాలు తానే చూసుకుంటుంది కనుక ఒకదానికీ మరొకదానికీ పోలిక ఉండదు. చెప్పుల జత కొనేముందు రెండు మూడు వేసి చూసుకున్నట్టు కొన్ని గ్రూపులు చూడాలి, ఒకే గ్రూపుకు కూడా కొన్ని వారాలు వెళ్లి చూడాలి. ఒకే మీటింగ్ చూసి మంచి చెడ్డలు తేల్చడం అన్యాయం. అయితే డబ్బు అప్పడిగే మనిషి, కొత్తగా వచ్చిన ఆడవాళ్ల చుట్టూ అదే పనిగా తిరిగే మనిషి, తానే గురువునన్నట్టు అందరి చేతా తలలూపించుకునే మనిషి కనిపించి, మిగతావాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటుంటే వారాల దాకా ఆగక్కర్లేదు.

స్పాన్సర్ గురించి అందరూ అడుగుతారు. మనకన్నా ముందు మానిన ఒక సభ్యుడు లేదా సభ్యురాలు, మెట్లు ఎక్కడంలో తోడుగా ఉండటానికి, కోరిక పుట్టినప్పుడు ఫోనులో దొరకడానికి ఒప్పుకుంటే వాళ్లే స్పాన్సర్. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు ఉండటం మంచిదన్నది సాధారణంగా పాటించే పద్ధతి. తొందరపడి మొదటి రోజే అడగనవసరం లేదు. నలుగురి మాటలు కొన్నాళ్లు విని, ఎవరి బతుకులో మనకు కావలసిన నిబ్బరం కనిపిస్తుందో వాళ్లను అడిగితే చాలు. బాగా మాట్లాడేవాళ్ల కంటే బాగా వినేవాళ్లు ఈ పనికి నయం. కుదరకపోతే మార్చుకోవచ్చు, ఎవరూ నొచ్చుకోకూడదు; నొచ్చుకుంటే అది వాళ్ల సమస్య.

నలుగురికీ తెలిసిపోతుందన్న భయం గురించి రెండు మాటలు. గదిలో తెలిసిన ముఖం ఎదురుపడే అవకాశం ఉంది. నాకు ఎదురైంది కూడా. మా ఆఫీసులో మరో విభాగంలో పనిచేసే ఆవిడ నా ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. ఇద్దరం ఒక క్షణం చూపులు తిప్పుకున్నాం. తర్వాత ఆవిడ తన వంతులో మామూలుగా మాట్లాడింది, నేను నా వంతులో మాట్లాడాను, ఆఫీసులో ఈ రోజుకీ ఆ ప్రస్తావన రాలేదు. మనల్ని అక్కడ చూసిన మనిషి కూడా అక్కడికి వచ్చిన మనిషేనన్నది మరవకూడదు. తాగినప్పుడు వీధంతా చూసినా దాపరికం గుర్తురాని మనకు, మానడానికి వెళ్తున్నప్పుడు పరువు గుర్తుకురావడం తమాషాయే. గ్రూపులో విన్నది బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే మాటే అయినా, దానికి చట్టం రక్షణ లేదు. డాక్టరుకు, లాయరుకు చెప్పినట్టు భావించకుండా, కేసుల వ్యవహారాల వంటివి లాయరుకే చెప్పడం క్షేమం.

మళ్లీ తాగినవాళ్లను గ్రూపు వెళ్లగొట్టదు. మా గ్రూపులో ఒకతను చాలా నెలలు కనిపించకుండా పోయి, ఒక రోజు మీటింగ్ సగంలో వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. పక్కవాళ్లు చెరో వైపు జరిగి కుర్చీ ఒకటి లోపలికి లాగారు. మానిన రోజులను గుర్తించడానికి నాణెం లాంటి బిళ్లలు ఇచ్చే ఆనవాయితీ చాలా గ్రూపుల్లో ఉంది, అతనికి మొదటి రోజు బిళ్ల మళ్లీ ఇచ్చారు. రోజులను ఇలా మొదటి నుంచి లెక్కపెట్టడం కొందరిని కుంగదీస్తుందన్నది నిజమే, నాకూ ఆ పద్ధతి మీద కొంత అసంతృప్తి ఉంది. కొన్నాళ్లు మాని మళ్లీ తాగేవాళ్లకు చెప్పవలసిన ముఖ్యమైన సంగతి వేరే ఉంది: ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి అప్పటికి పోయి ఉంటుంది, మునుపటంత తాగితే ప్రాణం మీదికి రావచ్చు.

ఇంట్లోవాళ్లకు వేరే గ్రూపులున్నాయి. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరొకావిడతో కలిసి అల్-అనాన్‌ను ప్రారంభించింది. పిల్లల కోసం అలటీన్ 1957లో వచ్చింది. తాగే మనిషి మానినా మానకపోయినా ఇంట్లోవాళ్లు అక్కడికి వెళ్లవచ్చు, వెళ్లాలంటే తాగే మనిషి అనుమతి అక్కర్లేదు. నా భార్య వెళ్తోంది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పదు, నేను అడగను. తను వెళ్లడం మొదలుపెట్టాక నా సంచి వెతకడం, దగ్గరికొచ్చి వాసన చూడటం మానేసిందని మాత్రం చెప్పగలను.

గ్రూపులో కొన్నాళ్లు ఉన్నవాళ్లకు ఏదో ఒక పని అప్పగిస్తారు. నాకు వారంలో ఒక సాయంత్రం హెల్ప్‌లైన్ ఫోను ఇచ్చారు. ఫోను చేసేవాళ్లు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, ఇంకా ఫోను చేయనివాళ్ల కోసం ఆ జవాబులు ఇక్కడే చెప్పేస్తాను. పేరు నమోదు చేసుకోరు, మీరు చెప్పిన పేరుతోనే పిలుస్తారు. మాట్లాడనవసరం లేదు. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. నడవలేనివాళ్లకు, ఊరు దూరమైనవాళ్లకు, చిన్నపిల్లలను వదిలి రాలేనివాళ్లకు ఆన్‌లైన్ మీటింగ్‌లు ఉన్నాయి. కెమెరా ఆపుకుని వినవచ్చు, అయితే వీలు చిక్కినప్పుడు గదికి రావడమే మేలు. ఇక గొంతు తగ్గించి అందరూ చివర్లో అడిగే ప్రశ్న, తాగి ఉంటే రావచ్చా అన్నది. రావచ్చు. ఆ రోజుకు మాట్లాడకుండా వినమంటారు, అంతే. బండి మాత్రం నడపకండి, ఎవరినైనా దింపమనండి, ఎవరూ లేకపోతే ఆ సంగతి ఫోనులోనే చెప్పండి, మాలో ఒకరు వచ్చి తీసుకెళ్తారు.